చుక్కను పక్కకు జరిపిన సాయంత్రం

రూదోగోర్ ఊరి నెత్తిన ఉన్న గడ్డిబీడులో ఆ సాయంత్రం రెండు పనులు ఒకదానికొకటి పడకుండా సాగుతున్నాయి. తూర్పు కొసన మగవాళ్ళు పండగ మంట పేరుస్తున్నారు. పైను చెట్ల కొమ్మలు, విరిగిన బండి చక్రం, పోయిన ఏటి గడ్డి. పడమటి కొసన, గడ్డికొట్టం పక్కన, నెవ్యానా తన టెలిస్కోపుకి కెమెరా బిగిస్తోంది. ఆ మంట అంటుకుందంటే ఈ కెమెరా పని ఆ పూటకి అయిపోయినట్టే. వెలుగు సంగతి అటుంచి, పొగా సెగా చాలు ఆకాశాన్ని అలికేయడానికి.

వేరే చోటికి పోదామంటే చోటు లేదు. కింద లోయలన్నీ పొగమంచుతో పాలకుండల్లా నిండి ఉన్నాయి. ఈ ఒక్క గుట్ట తలే మంచుకి పైన తేలుతోంది.

మేయరు దెల్చో చంకలో చుట్టిన బ్యానరుతో, పొట్ట ముందు నడవగా వచ్చాడు.

"ఏం నెవ్యానా, ఇంకా ఆ గొట్టం ఎక్కుపెడుతున్నావేంటి? నీ మబ్బు దొరికిందిగా. దొరికినదాన్ని మళ్ళీ వెతకడం మా ఆవిడొక్కతే చేస్తుందనుకున్నా, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని."

"ఇంకాసిని ఫోటోలు కావాలి దెల్చో. మంట కొంచెం ఆలస్యంగా వెలిగిద్దామా?"

"కొంచెమంటే?"

"చీకటి పడ్డాక ఓ గంటన్నర."

దెల్చో చుట్టూ చూశాడు, ఇది విన్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమోనని. "గంటన్నరైతే పిల్లల ముక్కులు రాలిపోతాయి తల్లీ. అవతలి గట్టు ఊళ్ళవాళ్ళు మనకంటే ముందు వెలిగించారనుకో, మళ్ళీ ఏడాది దాకా ఆ ఎగతాళి ఎవడు పడతాడు? పైగా ఈసారి మంట నీ కోసమే. నిప్పు పెట్టగానే బ్యానరు విప్పుతాం. నువ్వు నాలుగు మాటలు చెప్పాలి. జిల్లా నుంచి కూడా మనిషొస్తున్నాడు."

బ్యానరులో ఏముందో నెవ్యానాకి తెలుసు. నల్లటి ఆకాశం, మధ్యలో పచ్చటి గుండ్రం, కింద 'రూదోగోర్ నిహారిక, ఆకాశంలో మా ఊరు' అని అక్షరాలు. ఆ పచ్చటి గుండ్రం ఆమె తీసిందే. అది నిజంగా ఆకాశంలో ఉందో లేదో మాత్రం ఆమెకే తెలియదు.

అసలైతే తెలియాలి. నెవ్యానా నిన్నా మొన్నా మొదలుపెట్టిన మనిషి కాదు. స్మోల్యాన్ పట్నంలో కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతూ, వీలు దొరికితే చాలు బాబాయి మనోల్ బీడులోకి ఎక్కివచ్చి, ఎవరూ ఫోటో తీయని మసక నిహారికల కోసం ఏళ్ళుగా చలిలో కూర్చుంటోంది. మన సూర్యుడిలాంటి నక్షత్రం ముసలిదైనప్పుడు పై పొరలన్నీ మెల్లగా ఊదేసుకుంటుంది. లోపల తెల్లటి నిప్పుకణిక ఒకటి మిగులుతుంది. ఆ కణిక చిమ్మే వెలుగు కంటికి కనపడదు గానీ, అది తగిలి చుట్టూ విడిచిన వాయువులోని ఆక్సిజన్ నీలం కలిసిన పచ్చగా వెలుగుతుంది. ఆ వాయువు ఎంత పల్చనంటే, భూమ్మీద ఏ పంపు పెట్టి గాలి తోడేసినా అంత పల్చదనం రాదు. అంత పల్చన కాబట్టే ఆ రంగు పుడుతుంది. అదీ పదో ఇరవయ్యో వేల ఏళ్ళు. నక్షత్రాల లెక్కలో అది చితి ఆరేంతసేపు. ఆ తర్వాత చెదిరి, చల్లారి, ఏమీ ఉండదు.

ఆ ఒక్క పచ్చ రంగు తప్ప తక్కిన వెలుగంతా ఆపేసే అద్దం ఒకటుంది. దాన్ని కెమెరా ముందు పెట్టి, ఒక్కో ఫోటోకి పది నిమిషాలు కన్ను తెరిచి ఉంచి, అలాంటివి బోలెడు ఒకదానిపై ఒకటి పేర్చితే తప్ప మరీ మసకవి బయటపడవు. బొట్టు బొట్టు కూడేసి కడవ నింపడమే. శీతాకాలం మొదట్లో బ్రహ్మహృదయ నక్షత్రానికి దాపులో, ఓ మోస్తరు మెరిసే చుక్కకి ఎడమ పక్కన, అలా బయటపడింది ఈ గుండ్రం. ఏ జాబితాలోనూ లేనిది.

ఆ రోజు పొద్దున్నే ఆమె కొట్టంలోంచి పరుగున వచ్చి బాబాయి వంటింట్లో కూలబడింది. "దొరికింది బాబాయ్" అంది. ఎవరికీ చెప్పొద్దని కూడా అంది. మనోల్ ముసలాయన చెప్పనే లేదు, మధ్యాహ్నం దాకా. పొద్దుగూకేసరికి సారాకొట్లో ఆ మాట మూడు బల్లలు దాటి మేయరు దాకా పోయింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, నిహారికకి ఊరి పేరూ బ్యానరూ తయారైపోయాయి.

ఆమె ఫోటోని ఇంటర్నెట్లో తనలాంటివాళ్ళు నలుగురూ చూసే చోట పెట్టింది. అందరూ శభాషన్నారు. రాజధాని సోఫియాలో ఉండే ఒగ్న్యాన్ అనే ఒకాయన మాత్రం ఒక్క ముక్క రాశాడు: 'చుక్కను జరిపి చూశారా?'

ఆ ముక్క చదివి నెవ్యానా పాత ఫోటోలన్నీ మళ్ళీ తెరిచింది. జరిపి చూడలేదు. రాత్రులన్నీ కచ్చితంగా పేర్చాలనే పట్టుదలతో, ప్రతిసారీ ఫోటో చట్రం గీత గీసినట్టు ఒకేలా అమర్చింది. చుక్క ప్రతిసారీ ఎడమ మూలనే, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఆ జాగ్రత్తే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. ఎందుకంటే మెరిసే చుక్క వెలుగు ఆ పచ్చ అద్దానికీ కెమెరాకీ మధ్య అటూ ఇటూ కొట్టుకుని, చుక్క పక్కన అచ్చం నిహారికలాంటి దొంగ గుండ్రాన్ని పుట్టించగలదు. దాన్ని పట్టుకునే దారి ఒకటే. చుక్కను చట్రంలో ఎడమ మూల నుంచి కుడి మూలకి జరిపి మళ్ళీ తీయాలి. గుండ్రం ఆకాశంలోదైతే చుక్కకి ఎడమ పక్కే ఉంటుంది, చట్రం ఎటు జరిగినా దానికేం పట్టదు. అద్దంలోదైతే చుక్కకి కుడి పక్కకి దూకుతుంది.

ఆ ముక్క వచ్చాక మబ్బులు, తర్వాత వెన్నెల, మళ్ళీ మబ్బులు. తెరిపి ఇచ్చింది ఈ రోజే. మంట వెలిగే రోజున. ఇందులో ఆకాశం కుట్రేమీ లేదు. ఉపవాసాలకు ముందు వచ్చే ఈ మన్నింపుల ఆదివారం ఎప్పుడూ అమావాస్య తిరిగిన వారంలోనే పడుతుంది. చీకటి మంటకీ కావాలి, ఆమెకీ కావాలి.

*

చీకటి చిక్కబడేసరికి ఊరంతా బీడెక్కింది. ఆడవాళ్ళు ఉడికించిన గుడ్లూ, జున్ను పెట్టిన బనిత్సా రొట్టె ముక్కలూ గుడ్డల్లో చుట్టి తెచ్చారు. రకియా సారా సీసాలు చేతులు మారుతున్నాయి. నెవ్యానా చుక్కను కుడి మూలకి జరిపి మొదటి ఫోటో మొదలుపెట్టింది.

మంట దగ్గర మన్నింపులు మొదలయ్యాయి. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతులు ముద్దు పెట్టుకుని "నన్ను మన్నించు" అంటున్నారు. పెద్దవాళ్ళు "మన్నించాను, దేవుడూ మన్నించుగాక" అంటున్నారు. రూదోగోర్లో దీనికో కట్టుబాటుంది. నిప్పు పెట్టేది ఊళ్ళో అందరికన్నా పెద్ద వయసు చెయ్యి. బీడులో ఉన్నవాళ్ళలో ఒక్కరి మధ్యైనా మన్నింపు మిగిలి ఉంటే ఆ చెయ్యి అగ్గిపుల్ల గీయకూడదు. గట్టు తగాదా పడ్డ అన్నదమ్ములిద్దరి కోసం ఒకసారి ఊరు ఊరంతా చలికి గొంగళ్ళు కప్పుకుని కూర్చున్న సంగతి ముసలమ్మలు ఇప్పటికీ చెబుతారు.

ఈ ఏడు ఆ పెద్ద చెయ్యి మనోల్‌ది.

మొదటి ఫోటో తెర మీదకొచ్చింది. చుక్కలు తప్ప ఏమీ లేవు. ఒక్కదానిలో ఉండదని తెలిసినా మూలమూలా వెతికింది. కనీసం అరడజను కావాలి.

"అందరివీ అయిపోయినట్టేనా?" మేయరు అరిచాడు.

"నా కూతురుంది" అన్నాడు మనోల్. అన్న కూతుర్ని ఆయన ఎప్పుడూ అలాగే అంటాడు. "నెవ్యానా, రావే అమ్మాయ్. చెయ్యి గడ్డకట్టుకుపోతోంది."

నెవ్యానా కదల్లేదు. వెళ్ళి ఆ చెయ్యి ముద్దు పెట్టుకుంటే అగ్గిపుల్ల గీసేస్తారు. వెళ్ళకపోతే కారణం చెప్పాలి. ఇది నిజమో అబద్ధమో నాకింకా తెలీదు, ఆగండి, అని చెప్పాలి, ఇంతమంది ముందు. నాలుక తిరగలేదు. తిరిగిన మాట ఇంకొకటి.

"రాను. నువ్వు నన్ను మన్నించక్కర్లేదు, నేను నిన్ను మన్నించను."

మంట దగ్గర ఎవరో గుడ్డు పెంకు తీస్తున్న చప్పుడు ఇక్కడి దాకా వినపడింది.

మనోల్ గొంగళి సవరించుకుని కర్ర పొడుచుకుంటూ ఆమె వైపు నడిచాడు. "ఏమన్నావే?"

"అక్కడే ఆగు బాబాయ్. తిట్టాలంటే అక్కణ్ణించే తిట్టు. దగ్గరికి రాకు, నేల అదురుతుంది."

ముసలాయన ఒక కాలు గాల్లో ఉండగానే ఆగాడు. ఆమెను చూశాడు. టెలిస్కోపును చూశాడు. మెడ తిప్పి పేర్చిన మంట వైపు చూశాడు. గొర్రెల సంతలో అరవై ఏళ్ళు బేరాలాడిన మొహం అది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఎత్తిన కాలిని మెత్తగా, పిల్లిలా, కింద పెట్టాడు.

"అలాగా" అన్నాడు. గొంతు పెంచాడు, మంట దగ్గరున్న చెవిటి ముసలమ్మకి కూడా వినిపించేలా. "అయితే విను. నీ పెళ్ళికి నేనిచ్చిన దుప్పటి కుక్కకి పరిచావు. అది నేను మన్నించలేదు."

"చిమ్మటలు సగం తినేసి ఇచ్చావు. కుక్క కూడా మొహమాటానికే పడుకుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. మేయరు వాచీ చూసుకున్నాడు.

"నీకు పన్నెండేళ్ళప్పుడు నా చెర్రీ చెట్టెక్కి కొమ్మ విరిచావు."

"అది నీ కొడుకు విరిచాడు. నేను కిందున్నాను."

"కింద ఉండి ఏం చేశావు?"

"తిన్నాను."

"చూశారా, ఒప్పుకుంది" అన్నాడు మనోల్ ఊరివైపు తిరిగి. "ఇంకా ఉంది. మేకపిల్ల సంగతి మొదటి నుంచీ చెప్పాలి."

మేకపిల్ల సంగతి ఆయన దాని తల్లిని కొన్న సంత దగ్గర నుంచి ఎత్తుకున్నాడు. రెండో ఫోటో అయింది. మూడోది అయింది. మధ్యమధ్య ఆడవాళ్ళు కూడా సాక్ష్యాలు పలకసాగారు. ఆ మేక నల్లది కాదు చారలదని ఒకామె, అసలు అది తమదేనని ఇంకొకామె. నవ్వులు లేచాయి. నెవ్యానా ఒక కన్ను తెర మీద వేసి జవాబులిస్తోంది. మూడింటినీ పేర్చితే చుక్క చుట్టూ ఏదో మసక ఉన్నట్టుంది. ఎటు పక్కో తేలడం లేదు.

అప్పుడు లోయ అవతల, పొగమంచు మీద, ఎర్రటి నిప్పు ఒకటి లేచింది. దాని పక్క గట్టు మీద ఇంకొకటి.

"అంటించేశారు" అన్నాడు మేయరు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ. "మనోల్ తాతా, ఇంక చాలు. నెవ్యానా, నీకు దణ్ణం పెడతా. జిల్లా ఆయన కారెక్కుతానంటున్నాడు."

నవ్వులు సన్నగిల్లాయి. చలి కాళ్ళలోంచి పైకి పాకుతోంది. ఒక పిల్లాడు ఏడుపు మొదలెట్టాడు. అందరూ నెవ్యానా వైపే చూస్తున్నారు, ఇప్పుడు సరదాగా కాదు. ఆ చూపులకి ఆమెలో ఏదో పుటుక్కున తెగింది.

"నీకొక్కడికే చెప్పాను" అంది, ఈసారి గొంతు తగ్గించి. "ఒక్కడికే. ఎవరికీ చెప్పొద్దన్నాను. పొద్దుగూకేలోపు సారాకొట్లో పంచిపెట్టావు. నువ్వు నోరు మూసుకుని ఉంటే ఈ బ్యానరు లేదు, ఈ జనం లేదు, నేనిక్కడ దొంగలా ఇలా కూర్చునే ఖర్మ లేదు."

మనోల్ నోట్లో మేకపిల్ల ఆగిపోయింది. ఇది ఆటలోది కాదని ఆయనకి తెలిసింది. కర్ర మీద రెండు చేతులూ వేశాడు.

"నువ్వు నాకేం చెప్పావు?" అన్నాడు. ఆయనా గొంతు తగ్గించాడు. "బహుశా అన్నావా? చూడాలి అన్నావా? దొరికింది బాబాయ్ అన్నావు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నావు. నేను గాలి మోయలేదమ్మా. నీ మాట మోశాను."

నెవ్యానా తెర వైపు తల తిప్పుకుంది. కెమెరా లోపల చిన్న పంకా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అది ఉందా లేదా?" అన్నాడు మనోల్.

"తెలీదు."

"ఎప్పుడు తెలుస్తుంది?"

"ఇంకో మూడు ఫోటోలయ్యాక."

ముసలాయన ఊరివైపు తిరిగాడు. "ఇది నన్ను మన్నించదంట. నేనూ దీన్ని మన్నించను. మాది పెద్ద తగాదా. మీరు రకియా తాగండి. తాగనివాడు గంతులెయ్యండి. అగ్గిపెట్టె నా దగ్గరుంది, ఎవడూ నా జేబులో చెయ్యి పెట్టొద్దు."

ఆ తర్వాత ఆయన అంత దూరంలోనే, కర్ర మీద ఆనుకుని, కాలు కదపకుండా నిలబడ్డాడు. ఆ వయసులో ఆ చలిలో కాలు కదపకుండా నిలబడడం ఎంత కష్టమో నెవ్యానా చూస్తూనే ఉంది. వద్దని ఎలా చెబుతుంది? లోయ అవతల మంటలు ఒక్కొక్కటే పెరుగుతున్నాయి. ఊరు గొణుగుతోంది. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని ఎత్తుకుని దిగిపోయారు కూడా.

ఆఖరి ఫోటో వచ్చింది. పేర్చింది. వెలుగు పెంచింది.

గుండ్రం ఉంది. పచ్చగా, అంచులు సున్నితంగా, బ్యానరు మీద ఉన్నంత అందంగా ఉంది. చుక్కకి కుడి పక్కన ఉంది.

ఆమె పాత ఫోటో పక్కన పెట్టి చూసింది. అందులో ఎడమ పక్కన. కొత్త దాంట్లో ఆ ఎడమ పక్క చోటంతా శుభ్రంగా, నల్లగా, తుడిచినట్టు ఖాళీగా ఉంది. మళ్ళీ వెలుగు పెంచింది. ఖాళీయే.

"రా బాబాయ్" అంది. "ఇంక అదిరినా పర్లేదు."

మనోల్ బిగుసుకుపోయిన కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి, ఆమె చేసిచ్చిన కళ్ళజోడే పెట్టుకుని తెర మీదకి వంగాడు.

"ఇటుండేది అటొచ్చింది" అంది నెవ్యానా.

"అంటే?"

"అది ఆకాశంలో లేదు. నా అద్దంలో ఉంది. చుక్క వెలుగు అద్దానికి తగిలి వెనక్కి మెరిసింది."

"కళ్ళజోళ్ళకి మెరవని అద్దాలు అమ్ముకునే దానివి నువ్వు."

"అవును."

ముసలాయన ఆ రెండు గుండ్రాల్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత గడ్డం గోక్కుంటూ, బేరం చెప్పే గొంతుతో మెల్లగా అన్నాడు. "ఇది నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఇవాళ్టికి బ్యానరు విప్పనీ. జిల్లా ఆయన మురుసుకుంటూ పోతాడు. దెల్చో నిద్రపోతాడు. రేపో ఎల్లుండో పట్నంలో కూర్చుని, పొరపాటైందని నాలుగు ముక్కలు రాసెయ్యి. ఎవడు చదువుతాడు?"

నెవ్యానా ఆలోచించింది. ఆలోచించలేదని అంటే అబద్ధం. మంట చుట్టూ ఉన్న నీడల్లో తను చిన్నప్పటి నుంచీ ఎరిగిన ఒక్కో ఆకారాన్నీ గుర్తుపట్టగలదు.

"రేపు మన్నించమని అడిగే రోజు కాదు బాబాయ్."

ఫోను తీసి సోఫియా ఆయనకి రాసింది: 'జరిపాను. దూకింది. మీ అనుమానమే నిజం.' పంపేసింది, వెనక్కి రావడానికి దారి లేకుండా. తర్వాత బాబాయి చెయ్యి పట్టుకుంది. నిజంగానే కట్టెలా ఉంది ఆ చెయ్యి. ముద్దు పెట్టుకుంది.

"నన్ను మన్నించు."

"మన్నించాను. దేవుడూ మన్నించుగాక." చెయ్యి వెనక్కి తీసుకోకుండానే ఆయనన్నాడు, "నా నోటిని నువ్వూ మన్నించు."

"మన్నించాను."

ఇద్దరూ మంట దగ్గరికి నడిచారు. మేయరు బ్యానరు తాడు ముడి మీద అప్పటికే చెయ్యి వేశాడు.

"విప్పకు దెల్చో" అంది నెవ్యానా. అందరివైపూ తిరిగింది. "నన్ను మన్నించండి. ఆ నిహారిక లేదు."

"లేదంటే? చిన్నదా?" అన్నాడు మేయరు.

"లేదు. పరీక్ష చెయ్యకుండానే ఉందన్నాను. ఇప్పుడు చేశాను. మిమ్మల్నందర్నీ చలిలో నిలబెట్టింది దానికే. తప్పు నాది. మన్నించండి."

ఆమె ఏ కట్టుబాటుతో ఊరిని ఆపిందో అదే ఇప్పుడు ఆమెను ఆపింది. వాళ్ళ నోటి నుంచి ఆ మాట రాకపోతే మంట లేదు. తొందరపడి ఎవరూ ఇవ్వడం లేదు. జిల్లా ఆయన బూట్లు చూసుకుంటున్నాడు. నెవ్యానా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకుని, అది మర్యాద కాదని తోచి బయటికి తీసింది. నిలబడింది. ఆ సాయంత్రం తీసిన ఏ పది నిమిషాల ఫోటో కూడా ఆమెకి అంత పొడుగనిపించలేదు.

చివరికి చెవిటి ముసలమ్మ ముందుకొచ్చింది. "ఏమంటోంది?" అని పక్కనున్నామెని అడిగింది. చెవిలో చెప్పించుకుంది.

"ఇంతేనా? నేనింకా ఎవరైనా చచ్చారేమో అనుకున్నా. మన్నించానే పిల్లా, దేవుడూ మన్నించుగాక. వెలిగించండి, నా కాళ్ళు నావి కావు ఇప్పటికే."

దానితో ఒకరి తర్వాత ఒకరు అన్నారు, కొందరు మనసారా, కొందరు ముక్కుతో. మేయరు దెల్చో ఆఖరివాడు. బ్యానరు చుట్టను ఒకసారి, చంటిపిల్ల పోయినట్టు, చూసుకున్నాడు.

"దేవుడు మన్నిస్తాడు, ఆయనకేం, ఆయన బ్యానరు కుట్టించలేదు" అన్నాడు. "నేనూ మన్నించాను. ఒక షరతు. మా ఆవిడ కళ్ళజోడుకి మెళ్ళో వేసుకునే తాడు కట్టిపెట్టు."

మనోల్ అగ్గిపుల్ల గీశాడు. గడ్డి అంటుకుంది, పైను కొమ్మలు చిటపటలాడాయి, మంట మనిషెత్తు దాటి లేచింది. నిప్పురవ్వలు గాలికి పడమటి కొసకి, టెలిస్కోపు వైపు ఎగరసాగాయి. నెవ్యానా అటు పరిగెత్తేలోపే ముసలాయన మేయరు చంకలోంచి బ్యానరు లాక్కుని ముందు పోతున్నాడు. కర్ర కూడా వదిలేశాడు.

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని టెలిస్కోపు మీద కప్పారు. మందంగా, నున్నగా ఉంది. బూడిద జారిపోతుంది. మంట వెలుగు పడి పచ్చటి గుండ్రం, దాని కింద ఊరి పేరు, బీడు ఆ కొస దాకా కనపడ్డాయి. మధ్యలో ఒక మడత.

"బాగానే ఉంది" అన్నాడు మనోల్ వెనక్కి జరిగి చూసి. "మంచు కూడా ఆపుతుంది."